క్లోన్ చేశాక విండోస్ లేస్తోంది, రికవరీ మాత్రం లేవట్లేదు

నిద్రలేనిమౌస్ | శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. 2019 నాటి లాప్‌టాప్, లోపల 1 టీబీ తిరిగే డిస్క్. ఆన్ చేసి స్నానం ముగించుకొని వచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉండేది. విసుగొచ్చి 500 జీబీ ఎస్ఎస్‌డీ తీసుకున్నాను. దాంతో వచ్చిన క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే పాత డిస్క్ మొత్తాన్ని కాపీ చేశాను. డేటా 180 జీబీ లోపే కాబట్టి చిన్న డిస్క్‌లోకి ఇబ్బంది లేకుండా పట్టింది.

విండోస్ పరుగెడుతోంది, ఆ విషయంలో సంతోషం. కానీ ఆన్ చేస్తూ ఎఫ్11 నొక్కితే ఇంతకుముందు నీలం రంగు రికవరీ తెర వచ్చేది, ఇప్పుడు నేరుగా విండోస్‌లోకే పోతోంది. షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ కొట్టినా అదే. పైగా ఎక్స్‌ప్లోరర్‌లో ఎప్పుడూ లేని 'ఈ' డ్రైవ్ ఒకటి కనిపిస్తోంది, 14 జీబీ, దాదాపు నిండిపోయిందని ఎర్ర గీత. తెరిస్తే ఏవో పెద్ద పెద్ద ఫైళ్లు.

అంటే రికవరీ పార్టిషన్ (డిస్క్‌లో దానికని విడిగా కేటాయించిన భాగం) కాపీ అయింది కదా? మరి ఎందుకు పనిచేయట్లేదు? పాత డిస్క్ తీసి సొరుగులో పెట్టాను, దాన్ని ఏమీ చేయలేదు.

తీరికలేదు | శనివారం రాత్రి 10:31

ఇంత తంటా దేనికి? యూఎస్‌బీలో విండోస్ ఇన్‌స్టాలర్ పెట్టుకొని కొత్తగా వేసుకోండి. విండోస్ 8 కాలం నుంచి లాప్‌టాప్‌తో వచ్చిన కీ మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్‌లోనే (చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్) ఉంటుంది, అదే యాక్టివేట్ అవుతుంది. గంటలో పని. ఆ 14 జీబీ చెరిపేస్తే చోటు కూడా మిగులుతుంది.

నిద్రలేనిమౌస్ | శనివారం రాత్రి 10:48

నాకోసమైతే అదే చేసేవాణ్ణండీ. ఇది నాన్నగారికి ఇస్తున్నాను. ఆయన ఉండేది వేరే ఊళ్లో. ఏదైనా తేడా వస్తే ఫోన్‌లో "ఆపేయండి, ఆన్ చేస్తూ ఎఫ్11 నొక్కుతూ ఉండండి" అని చెప్పగలగాలి. "యూఎస్‌బీలో ఇన్‌స్టాలర్ తయారు చేయండి" అని చెప్పలేను. అందుకే ఈ పట్టుదల.

సెక్టార్‌జీరో | శనివారం రాత్రి 11:20

కారణం సబబుగానే ఉంది. అయితే ముందు ఒక ముడి విప్పుకోవాలి. 'రికవరీ' అనే పేరుతో మీ డిస్క్‌లో రెండు వేరు వేరు సంగతులు ఉన్నాయి, చాలామంది రెంటినీ కలిపేస్తారు.

ఒకటి విండోస్ సొంత రికవరీ వాతావరణం, విన్‌ఆర్‌ఈ. ఆ నీలం తెర అదే. అది ఒకే ఒక్క ఫైల్: విన్‌ఆర్‌ఈ.విమ్. 500 ఎంబీ నుంచి 1 జీబీ దాకా ఉండే చిన్న పార్టిషన్‌లో, 'రికవరీ' ఫోల్డర్ లోపలి 'విండోస్‌ఆర్‌ఈ' ఫోల్డర్‌లో దాగి ఉంటుంది.

రెండోది లాప్‌టాప్ కంపెనీ పెట్టిన ఫ్యాక్టరీ ఇమేజ్. మీ 14 జీబీ అదే. డబ్బాలోంచి తీసిన రోజు ఎలా ఉందో అలా తిరిగి తెచ్చే సరంజామా అంతా అందులో ఉంటుంది.

రెండోదానికి దారి సాధారణంగా మొదటిదాని గుండానే. కాబట్టి మొదటిది చచ్చిపోతే రెండోది బతికున్నా మీకు కనపడదు.

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'రీఏజెంట్‌సీ /ఇన్ఫో' కొట్టండి (రీఏజెంట్, వెనకే సీ, మధ్యలో ఖాళీ లేదు). తర్వాత డిస్క్‌పార్ట్‌లో (అక్కడే 'డిస్క్‌పార్ట్' అని కొడితే తెరుచుకునే పార్టిషన్ల సాధనం) 'లిస్ట్ డిస్క్', 'సెలెక్ట్ డిస్క్ 0', 'లిస్ట్ పార్టిషన్'. వచ్చింది వచ్చినట్టు ఇక్కడ రాయండి. ఇప్పటికి ఏదీ మార్చకండి.

మూడోబ్యాకప్ | శనివారం రాత్రి 11:34

మాస్టారు వచ్చేశారు కాబట్టి నేను ఒక్క మాటే. సొరుగులో ఉన్న పాత డిస్క్‌ని "ఏముందో చూద్దాం" అని యూఎస్‌బీ కేసులో పెట్టి ఇప్పుడే తగిలించకండి. ఎందుకో రేపు రాస్తా, నిద్రొస్తోంది.

నిద్రలేనిమౌస్ | ఆదివారం ఉదయం 7:05

రీఏజెంట్‌సీ ఇచ్చింది: విండోస్ ఆర్‌ఈ స్టేటస్ – డిజేబుల్డ్. లొకేషన్ – ఖాళీ. బీసీడీ ఐడెంటిఫయర్ – మొత్తం సున్నాలు.

డిస్క్‌పార్ట్:
పార్టిషన్ 1 – సిస్టమ్ – 260 ఎంబీ
పార్టిషన్ 2 – రిజర్వ్‌డ్ – 16 ఎంబీ
పార్టిషన్ 3 – ప్రైమరీ – 450 జీబీ
పార్టిషన్ 4 – ప్రైమరీ – 980 ఎంబీ
పార్టిషన్ 5 – ప్రైమరీ – 14 జీబీ

క్లోన్ చేసే ముందు పాత డిస్క్‌కి ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నాను. అందులో 4, 5 రెండూ 'రికవరీ' అని ఉన్నాయి, సీ డ్రైవ్ 916 జీబీ. మిగతా అంతా ఇలాగే.

సెక్టార్‌జీరో | ఆదివారం ఉదయం 9:40

ఆ ఫొటో తీసిన చేతికి దండం. సగం రోగం అందులోనే దొరికింది.

మీ సాఫ్ట్‌వేర్ పార్టిషన్ల లోపలి ఫైళ్లను జాగ్రత్తగానే తెచ్చింది. కానీ 'ఇది రికవరీ పార్టిషన్' అని చెప్పే గుర్తును తేలేదు. జీపీటీ (ఇప్పటి పార్టిషన్ టేబుల్ పద్ధతి) డిస్క్‌లో ప్రతి పార్టిషన్‌కీ దాని రకం చెప్పే ఒక పొడుగాటి ఐడీ ఉంటుంది. 4, 5 మీద ఇప్పుడు మామూలు డేటా ఐడీ పడింది. అందుకే డిస్క్‌పార్ట్ 'ప్రైమరీ' అంటోంది, అందుకే 14 జీబీకి 'ఈ' అని అక్షరం వచ్చి కూర్చుంది.

మిగతా సగం: విన్‌ఆర్‌ఈ ఎక్కడుందో విండోస్ ప్రతిసారీ వెతుక్కోదు, రాసి పెట్టుకుంటుంది. విండోస్ ఫోల్డర్‌లో, సిస్టమ్32 లోపలి 'రికవరీ' ఫోల్డర్‌లో రీఏజెంట్.ఎక్స్ఎంఎల్ అని ఒక ఫైల్ ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి (సేవ్ చేయకండి). 'విన్‌ఆర్‌ఈ లొకేషన్' అన్న వరుసలో డిస్క్ గుర్తింపు, పక్కనే 'ఆఫ్‌సెట్' అని ఒక సంఖ్య ఉంటుంది. డిస్క్ మొదటి నుంచి ఎన్నో బైట్ దగ్గర ఆ పార్టిషన్ మొదలవుతుందో చెప్పే సంఖ్య అది.

మీ లెక్క ప్రకారం అది 984తో మొదలయ్యే 12 అంకెల సంఖ్య అయి ఉండాలి. అంటే సుమారు 98,400 కోట్లవ బైట్. మీ కొత్త డిస్క్ మొత్తం 50,000 కోట్ల బైట్లే! పాపం విండోస్ డిస్క్ దాటి అవతల వెతుకుతోంది, దొరక్క 'డిజేబుల్డ్' అనేసింది.

అదే సైజు డిస్క్‌కో పెద్ద డిస్క్‌కో సెక్టార్‌కి సెక్టార్ (ఫైళ్లుగా కాకుండా డిస్క్‌ని ఉన్నది ఉన్నట్టు) కాపీ చేస్తే ఈ సమస్య చాలావరకు రాదు, ఎందుకంటే ఆఫ్‌సెట్ కదలదు. చిన్నదానికి వెళ్లేటప్పుడు చివరన ఉన్న పార్టిషన్లు ముందుకు జరగక తప్పదు.

నిద్రలేనిమౌస్ | ఆదివారం ఉదయం 9:58

984! నిజంగానే 984!! చూసి ఒళ్లు జలదరించింది.

బూట్‌బాబు | ఆదివారం ఉదయం 10:15

అన్నా ఇంత కథ అక్కర్లేదు. విండోస్ ఐఎస్ఓలో (ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఫైల్) ఉన్న ఇన్‌స్టాల్.విమ్ లోపల కొత్త విన్‌ఆర్‌ఈ.విమ్ ఉంటుంది. దాన్ని తెచ్చి సిస్టమ్32 రికవరీ ఫోల్డర్‌లో వేసి 'రీఏజెంట్‌సీ /ఎనేబుల్' కొట్టు. అయిపోయె. అప్పటికీ రాకపోతే బూట్‌రెక్ /ఫిక్స్ఎంబీఆర్.

సెక్టార్‌జీరో | ఆదివారం ఉదయం 10:50

బూట్‌బాబు చెప్పిన మొదటి పద్ధతితో నీలం తెర వస్తుంది, అబద్ధం కాదు. కానీ ఈయనకి అది పనికిరాదు. లాప్‌టాప్ కంపెనీలు తమ ఫ్యాక్టరీ రీస్టోర్ బటన్‌ను విన్‌ఆర్‌ఈ.విమ్ లోపలే, అందులోని టూల్స్ ఫోల్డర్‌లో కుడతాయి. ఐఎస్ఓలో ఉండేది మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాదా ఫైల్. దాన్ని పెడితే ట్రబుల్‌షూట్ మెనూ వస్తుంది, కంపెనీ బటన్ రాదు. 14 జీబీ ఊరికే పడి ఉంటుంది. ఒరిజినల్ ఫైల్ పాడైపోయినప్పుడు చివరి దారిగా ఐఎస్ఓ సరే.

ఫిక్స్ఎంబీఆర్ పాతకాలపు ఎంబీఆర్ పద్ధతి డిస్క్‌ల మొదటి సెక్టార్‌లో బూట్ కోడ్ రాసే కమాండ్. మీది యూఈఎఫ్ఐ (కొత్త తరం ఫర్మ్‌వేర్), జీపీటీ. ఇక్కడ దానివల్ల ఒరిగేదేమీ లేదు.

నిద్రలేనిమౌస్ గారూ, చేయాల్సింది ఇదీ. డిస్క్‌పార్ట్‌లో సెలెక్ట్ డిస్క్ 0, సెలెక్ట్ పార్టిషన్ 4, అసైన్ లెటర్=ఆర్. బయటికి వచ్చి, ఆర్ డ్రైవ్‌లోని రికవరీ, విండోస్‌ఆర్‌ఈ ఫోల్డర్‌లో ఫైల్ ఉందో లేదో చూడండి. సీ డ్రైవ్‌లోని రీఏజెంట్.ఎక్స్ఎంఎల్ పేరు చివర 'పాత' అని తగిలించండి, చెరపకండి. విండోస్ మళ్లీ కొత్తది రాసుకుంటుంది. విన్‌ఆర్‌ఈ.విమ్‌ని ఆర్ నుంచి సిస్టమ్32 రికవరీ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి.

తర్వాత తిరిగి డిస్క్‌పార్ట్‌లో పార్టిషన్ 4 ఎంచుకొని, రిమూవ్ అని అక్షరం తీసేసి, సెట్ ఐడీ= తర్వాత ఈ ఐడీ: డీఈ94బీబీఏ4-06డీ1-4డీ40-ఏ16ఏ-బీఎఫ్‌డీ50179డీ6ఏసీ. ఆ వెంటనే జీపీటీ ఆట్రిబ్యూట్స్=0ఎక్స్ పెట్టి 8, తర్వాత 14 సున్నాలు, చివర 1. సున్నాలు లెక్కపెట్టి కొట్టండి. దాంతో ఇకపై అక్షరం పడదు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పొరపాటున చెరపడం కూడా కుదరదు. పార్టిషన్ 5కీ ఇదే వరస.

అంతా అయ్యాక రీఏజెంట్‌సీ /ఎనేబుల్, మళ్లీ /ఇన్ఫో.

ఒక్క హెచ్చరిక: ప్రతి సెలెక్ట్ తర్వాత 'డీటెయిల్ పార్టిషన్' కొట్టి సైజు చూసుకోండి. పార్టిషన్ 3 మీద ఈ ఐడీ పడితే సీ డ్రైవ్ దాక్కుంటుంది.

పెంగ్విన్‌పిట్ట | ఆదివారం ఉదయం 11:02

విండోస్ వాళ్లు ఒక ఐడీ మార్చడానికి ఇన్ని మెట్లెక్కుతారా! లైనక్స్ లైవ్ యూఎస్‌బీలో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్) ఎస్‌జీడిస్క్ అని ఉంది, పార్టిషన్ రకం, దాని ప్రత్యేక ఐడీ, డిస్క్ ఐడీ మూడూ ఒక్కో వరుసలో మార్చేయొచ్చు. ఫర్మ్‌వేర్‌లోని బూట్ ఎంట్రీలు పార్టిషన్‌ను దాని ప్రత్యేక ఐడీతోనే గుర్తుపడతాయి. కొన్ని క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఈ ఐడీలను కొత్తగా పుట్టిస్తాయి. అందుకని ఎఫ్11 ఇంకా మొండికేస్తే అక్కడ వెతకండి. పాత డిస్క్‌లో ఏ ఐడీ ఉందో అదే కొత్తదాని మీద వేస్తే ఫర్మ్‌వేర్‌కి తేడా తెలియదు.

(ఇదంతా మొదట్లోనే క్లోన్‌జిల్లా అనే క్లోనింగ్ సాధనంతో చేసుంటే బావుండేది. అయితే క్లోన్‌జిల్లా కూడా చిన్న డిస్క్ అంటే మొదట ఒప్పుకోదు. ఎక్స్‌పర్ట్ మోడ్‌లో -కే1, -ఐసీడీఎస్ అని రెండు ఆప్షన్లు పెట్టి బతిమాలాలి.)

మూడోబ్యాకప్ | ఆదివారం మధ్యాహ్నం 1:27

రాత్రి ఆపిన కథ. చాలా ఏళ్ల కిందట, విండోస్ 7 లాప్‌టాప్, ఎంబీఆర్ డిస్క్. క్లోన్ చేసి కొత్తది లోపల బిగించాను, బాగా పనిచేసింది. పాతదాన్ని యూఎస్‌బీలో తగిలిస్తే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ఆఫ్‌లైన్' అని చూపించింది. రెండు డిస్క్‌లకూ సిగ్నేచర్ (డిస్క్ గుర్తింపు సంఖ్య) ఒకటే కాబట్టి ఒకదాన్ని పక్కన కూర్చోబెట్టిందన్నమాట. అప్పుడు నాకేం తెలుసు, కుడి క్లిక్ చేసి 'ఆన్‌లైన్' నొక్కాను. ఫైళ్లన్నీ కనిపించాయి, తెగ మురిసిపోయాను.

మూడు నెలల తర్వాత కొత్త డిస్క్ పోయింది. పాతది ఉందిలే అని బిగిస్తే నల్ల తెర మీద 0ఎక్స్‌సీ000000ఈ. ఆ రోజు ఆన్‌లైన్ నొక్కినప్పుడే విండోస్ దానికి కొత్త సిగ్నేచర్ రాసేసింది. బూట్ సమాచారం పాత సిగ్నేచర్‌నే వెతుకుతోంది. బూట్ డిస్క్‌తో బాగుచేసుకున్నాను గానీ, ఆ రాత్రి పడ్డ టెన్షన్ చెప్పలేను. క్లోన్ అయ్యాక మొదటి బూట్‌కి రెండు డిస్క్‌లూ కలిసి ఉండకూడదు, పాతదాన్ని తర్వాత కూడా ఆ విండోస్‌కి చూపించకూడదు. చూడాలంటే పెంగ్విన్‌పిట్ట లైవ్ యూఎస్‌బీలో చూడండి, అది అడక్కుండా ఏదీ రాయదు.

నిద్రలేనిమౌస్ | ఆదివారం మధ్యాహ్నం 3:44

మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాను. ఆర్ డ్రైవ్‌లో రికవరీ ఫోల్డరే లేదు. డ్రైవ్ ఖాళీ. కానీ 980లో 640 ఎంబీ వాడకంలో ఉందని చూపిస్తోంది.

సెక్టార్‌జీరో | ఆదివారం సాయంత్రం 4:10

నాదే పొరపాటు, చెప్పడం మరిచాను. ఆ ఫోల్డర్, ఫైల్ రెండూ దాచినవి, సిస్టమ్ గుర్తు ఉన్నవి. 'డిర్ /ఏ' కొడితే కనిపిస్తాయి. మామూలు కాపీ కమాండ్ వాటిని పట్టించుకోదు. 'ఎక్స్‌కాపీ /హెచ్' వాడండి.

నిద్రలేనిమౌస్ | ఆదివారం సాయంత్రం 5:36

ఎనేబుల్డ్!!

లొకేషన్‌లో హార్డ్‌డిస్క్0, పార్టిషన్4 అని వచ్చింది. షిఫ్ట్ రీస్టార్ట్ కొడితే నీలం తెర. ఆఫ్ చేసి ఎఫ్11 నొక్కినా అదే తెర. 'ఈ' డ్రైవ్ మాయమైపోయింది. ట్రబుల్‌షూట్‌లోకి వెళ్తే కంపెనీ రికవరీ బటన్ కూడా ఉంది. లోపలికి వెళ్లి "మీ డేటా అంతా పోతుంది, కొనసాగించాలా" అనే దాకా చూసి వెనక్కి వచ్చేశాను.

పెంగ్విన్‌పిట్ట గారి ఐడీల సర్జరీ అవసరం పడలేదు.

పెంగ్విన్‌పిట్ట | ఆదివారం సాయంత్రం 5:50

కత్తులు దాచుకుంటున్నా.

సత్తెకాలపువాడు | ఆదివారం రాత్రి 8:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది ఇంకా విండోస్ 7 లాప్‌టాప్. ఒక పాత యంత్రానికి జతపడే సాఫ్ట్‌వేర్ దాంట్లోనే నడుస్తుంది, నెట్‌కి కలపను. 320 జీబీ డిస్క్ నుంచి టకటకమని శబ్దాలు మొదలయ్యాయి. ఇక్కడ రాసిన పద్ధతే నాకూ సరిపోతుందా?

సెక్టార్‌జీరో | ఆదివారం రాత్రి 9:30

సరిపోదు, మీది వేరే లోకం. ముందుగా, శబ్దం వస్తున్న డిస్క్‌ని విండోస్‌లో పెట్టి మళ్లీ మళ్లీ బూట్ చేయకండి. ప్రతి బూట్ దాని ఆయుష్షును తినేస్తుంది.

విండోస్ 7 కాలపు ఎంబీఆర్ లాప్‌టాప్‌లలో రికవరీ మీట పనిచేయడానికి ఫైళ్లు ఒక్కటే చాలవు. డిస్క్ మొట్టమొదటి సెక్టార్‌లో, 512 బైట్లలో మొదటి 446 బైట్లు బూట్ కోడ్. కొన్ని కంపెనీలు అక్కడ తమ సొంత కోడ్ పెట్టేవి, మీటను కనిపెట్టేది అదే. ఆ కోడ్ పార్టిషన్‌ను వరుస సంఖ్యతోనో, రకం అంకెతోనో (చాలావాటిలో 27) గుర్తుపడుతుంది. విండోస్ సొంత ఎంబీఆర్ రాసినా, పార్టిషన్ల వరుస మారినా మీట మూగబోతుంది. ఇందాక ఫిక్స్ఎంబీఆర్ అన్నారు చూడండి, మీ డిస్క్ మీద అది కొడితే కంపెనీ కోడ్ తుడిచిపెట్టుకుపోతుంది.

అందుకని మీకు సెక్టార్‌కి సెక్టార్ కాపీయే దారి, అదే సైజుకో పెద్దదానికో. డిస్క్ పాడవుతోంది కాబట్టి లైనక్స్‌లోని మామూలు కాపీ కమాండ్ డీడీ కాదు, పాడైన డిస్క్‌ల కోసం ఉన్న జీఎన్‌యూ డీడీరెస్క్యూ. మొదటి విడతలో -ఎన్ పెట్టి సులువుగా చదవగలిగినదంతా లాగేయండి, తర్వాత -ఆర్3 తో చెడిన చోట్ల మూడుసార్లు ప్రయత్నించండి. రెండు విడతలకూ ఒకే మ్యాప్‌ఫైల్ ఇవ్వాలి, దాన్ని మూడో డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టండి. ఏది చదివిందో ఏది చదవలేదో అందులో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా అక్కడి నుంచే ఎత్తుకుంటుంది.

మిగిలిన ఖాళీని సీ డ్రైవ్‌కి కలపడం గురించి ఇప్పుడే ఆలోచించకండి. ముందు కొత్త డిస్క్‌తో మీట పనిచేస్తోందో చూడండి.

పెంగ్విన్‌పిట్ట | ఆదివారం రాత్రి 9:41

ఏది సోర్స్, ఏది టార్గెట్ అన్నది కమాండ్ కొట్టే ముందు గట్టిగా పైకి చదువుకోండి సత్తెకాలపువాడు గారూ. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ (లైనక్స్ డిస్క్‌లకు పెట్టే పేర్లు) తారుమారైతే ఖాళీ డిస్క్‌ని అతి జాగ్రత్తగా, బైట్ పొల్లుపోకుండా పాతదాని మీదికి కాపీ చేస్తుంది. డిస్క్ మోడల్, సీరియల్ నంబర్ చూసి నిర్ధారించుకోండి.

ఇంకోటి. కొన్ని యూఎస్‌బీ కేసులు లోపలి 512 బైట్ల సెక్టార్లను బయటికి 4096గా చూపిస్తాయి. అలాంటి కేసులో పెట్టి క్లోన్ చేసి, డిస్క్‌ని తీసి లాప్‌టాప్ లోపల బిగిస్తే పార్టిషన్ టేబుల్ అర్థం కాక ఖాళీ డిస్క్‌లా కనిపిస్తుంది. క్లోన్ చెడిపోయిందని చాలామంది అనుకుంటారు. కేసు చేసే మాయ అది. వీలైతే కొత్త డిస్క్‌ని లాప్‌టాప్ లోపలే పెట్టి, పాతదాన్ని కేసులో పెట్టి కాపీ చేయండి. అప్పుడు కూడా పాతదాన్ని ఆ కేసు 512గానే చూపిస్తోందని చూసుకోండి.

వెన్నెలరాత | ఆదివారం రాత్రి 10:05

నాకు చిన్న సందేహం. నా లాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) దానంతటదే ఆన్ అయి ఉంది. అదీ ఇలాగే క్లోన్ అవుతుందా?

సెక్టార్‌జీరో | ఆదివారం రాత్రి 10:22

అవుతుంది, కానీ ముందు 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. చేయగలిగితే బిట్‌లాకర్ పూర్తిగా ఆఫ్ చేసి, డీక్రిప్షన్ అయ్యేదాకా ఆగి, క్లోన్ చేసి, కొత్త డిస్క్ మీద మళ్లీ ఆన్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ కూడా 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్'తో ఆపేయండి. సగం నిద్రలో ఉన్న విండోస్‌ని కాపీ చేస్తే ఫైల్ సిస్టమ్ అయోమయంగా ఉంటుంది.

తీరికలేదు | ఆదివారం రాత్రి 11:10

అభినందనలు. కానీ ఒక్క ప్రశ్న. "డేటా పోతుంది, కొనసాగించాలా" అనే తెర రావడం అంటే బటన్ ఉందని మాత్రమే. 14 జీబీలో ఒక ఫైల్ పాడైనా 60 శాతం దగ్గర ఆగి, నాన్నగారి చేతిలో విండోస్ కూడా లేని లాప్‌టాప్ మిగులుతుంది. కొన్ని ఫ్యాక్టరీ ప్రోగ్రాములు డిస్క్ మొదటి సైజు కంటే చిన్నదైతే ఒప్పుకోవు కూడా. ఎలాగూ ఆయనకి ఖాళీగానే ఇస్తారు కదా, ఇప్పుడే ఒకసారి నడిపి చూడండి. పాత డిస్క్ సొరుగులో ఉంది కాబట్టి పోయేదేమీ లేదు.

నిద్రలేనిమౌస్ | ఆదివారం రాత్రి 11:25

మొదటి రోజు మీ మీద కాస్త చిరాకు పడ్డ మాట నిజం. ఈ మాట మాత్రం వంద శాతం కరెక్ట్. రేపు రాత్రి నడుపుతా.

నిద్రలేనిమౌస్ | మంగళవారం ఉదయం 6:18

నడిపాను. చిన్న డిస్క్ అని గొడవ చేయలేదు. 40 నిమిషాల్లో పని అయిపోయింది, మూడుసార్లు దానంతటదే రీస్టార్ట్ అయింది. లాప్‌టాప్ కొన్న రోజు చూసిన వాల్‌పేపర్ వచ్చింది, అప్పటి ట్రయల్ యాంటీవైరస్‌తో సహా.

అసలు చిక్కు ఆ తర్వాత. తిరిగి వచ్చింది 2019 నాటి విండోస్ 10. అప్‌డేట్లు మొదలుపెడితే రాత్రంతా అదే పని.

తీరికలేదు | మంగళవారం ఉదయం 8:02

చెప్పానా. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కూడా. ఆయన ఎఫ్11 నొక్కి ఫ్యాక్టరీకి వెళ్లిన ప్రతిసారీ మీరు మళ్లీ విండోస్ 11కి ఎక్కించాలి.

సెక్టార్‌జీరో | మంగళవారం ఉదయం 9:15

తీరికలేదు గారి మాట కాదనలేను. అందుకే నా సలహా: నాన్నగారికి కంపెనీ బటన్ నేర్పకండి. ట్రబుల్‌షూట్‌లోనే 'రీసెట్ దిస్ పీసీ' ఉంటుంది. విండోస్ 10 నుంచి దానికి ప్రత్యేక ఇమేజ్ అక్కర్లేదు, సీ డ్రైవ్‌లో ఉన్న సిస్టమ్ ఫైళ్లతోనే విండోస్‌ని తిరిగి కట్టుకుంటుంది. 'కీప్ మై ఫైల్స్' అంటే ఫొటోలు కూడా ఉంటాయి. 11కి వెళ్లాక రీసెట్ చేస్తే 11గానే వస్తుంది. సీ డ్రైవ్ మరీ పాడైతేనే ఫ్యాక్టరీ ఇమేజ్.

11కి వెళ్లాక రీఏజెంట్‌సీ /ఇన్ఫో తప్పక మళ్లీ చూడండి. ఉన్న రికవరీ పార్టిషన్‌లో చోటు చాలకపోతే ఇన్‌స్టాలర్ సీ డ్రైవ్ చివర కోసి కొత్తది ఒకటి చేస్తుంది. చోటు చాలకపోవడం చిన్న సంగతి కాదు. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన కేబీ5034441 అప్‌డేట్, రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేని కంప్యూటర్లలో 0ఎక్స్80070643 ఎర్రర్‌తో ఆగిపోయేది. 980లో 640 వాడకం అన్నారు, అంటే మీకు 340 మిగిలింది. ప్రస్తుతానికి చాలు.

నిద్రలేనిమౌస్ | గురువారం రాత్రి 9:50

11కి ఎక్కించాను. రికవరీ పార్టిషన్ 4లోనే ఉంది, కొత్తది పుట్టలేదు. రీసెట్ కూడా ఒకసారి నడిపి చూశా, ఫైళ్లు ఉన్నాయి, విండోస్ 11గానే వచ్చింది. 16 జీబీ పెన్‌డ్రైవ్ చాలకపోవచ్చని 32 జీబీ దాంట్లో సిస్టమ్ ఫైళ్లతో సహా రికవరీ డ్రైవ్ చేసి బ్యాగులో వేశాను. పాత డిస్క్ మీద "తగిలించొద్దు" అని కాగితం అంటించా.

సత్తెకాలపువాడు గారూ, మీది ఏమైంది?

సత్తెకాలపువాడు | శుక్రవారం ఉదయం 7:30

డీడీరెస్క్యూ రెండు రాత్రులు నడిచింది బాబూ. చివరికి చదవలేనివి 12 సెక్టార్లు, అన్నీ సీ డ్రైవ్‌లోనే. చెక్‌డిస్క్ నడిపాను, ఒక పాత పాట ఫైల్ పోయింది. రికవరీ మీట కొత్త డిస్క్‌తో పలుకుతోంది. సీ డ్రైవ్ పెంచడం జోలికి పోలేదు, పోను కూడా.

నిద్రలేనిమౌస్ | సోమవారం రాత్రి 8:40

లాప్‌టాప్ నాన్నగారికి చేరింది. ఇందాకే ఫోన్. "ఎఫ్11 పనిచేస్తుందో లేదో చూద్దామని నొక్కానురా, తెరంతా ఒకటే అయిపోయింది, పైన గీతలు, కింద గడియారం అన్నీ పోయాయి, ఏం చెరిగిపోయిందో ఏమో" అని కంగారు.

రెండు నిమిషాలు నాకూ గుండె ఆగినంత పనైంది. తీరా అడిగితే ఆయన బ్రౌజర్‌లో వార్తలు చదువుతూ నొక్కారు. ఫుల్ స్క్రీన్! మళ్లీ ఎఫ్11 నొక్కండి నాన్నా అన్నాను.